ఇంటర్ టైంటేబుల్ ఎవరి వీలు చూసి వేస్తారు?

(2026 సంక్రాంతి సెలవుల చివర ఖమ్మంలో ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రులు, అధ్యాపకుల సమావేశంలో విశ్రాంత జూనియర్ కళాశాల ప్రిన్సిపల్ ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పరీక్ష హాల్లో పిల్లలు మొదటి బెంచీ వద్దంటారు, సభలో వాళ్ళ అమ్మానాన్నలు మొదటి వరస వద్దంటారు.

నన్ను పిలిచినప్పుడు "పిల్లలకు ధైర్యం చెప్పండి సార్" అన్నారు. ధైర్యం చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, నేను టైంటేబుల్ గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో కాసేపు మాట లేదు. టైంటేబుల్ గురించి ఏముంటుంది మాట్లాడటానికి? పేపర్లో వస్తుంది, కత్తిరించి గోడకు అంటించుకుంటాం. అంతే కదా?

అంతే అయితే నేను ఇంత దూరం రాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు మార్చి అంటే పరీక్ష కేంద్రాన్ని నడిపే చీఫ్ సూపరింటెండెంట్ డ్యూటీ, లేదంటే డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్ డ్యూటీ. ఆ కాగితాన్ని అవతలి వైపు నుంచి చూసినవాణ్ణి. అందులో ఎవరి వీలు ఎంత ఉందో కొంచెం తెలుసు. అది చెప్దామని.

ముందు ఒక ప్రశ్న. మ్యాథ్స్ 'ఏ' పేపరు ఉన్న రోజునే బోటనీ ఎందుకు పెడతారు? అదే రోజు సివిక్స్ ఎందుకు ఉంటుంది? ఎవరైనా చెప్తారా? లెక్చరర్లు చెప్పకూడదు.

సరే, నేనే చెప్తాను. మ్యాథ్స్ చదివే పిల్లాడికి బోటనీ ఉండదు, బోటనీ చదివే అమ్మాయికి సివిక్స్ ఉండదు. ఒకే విద్యార్థికి రెండూ ఉండని సబ్జెక్టుల్ని ఏరి ఒక రోజున పెడతారు. మరుసటి రోజు మ్యాథ్స్ బీ, జువాలజీ, హిస్టరీ. ఆ తర్వాత ఫిజిక్స్, ఎకనామిక్స్. ఆ తర్వాత కెమిస్ట్రీ, కామర్స్. ఇప్పుడు మీ పిల్లల గ్రూపులు పెట్టి చూసుకోండి. ఎంపీసీకి నాలుగు రోజులూ నిండాయి. బైపీసీకీ నిండాయి. ఎంఈసీ పిల్లాడు ఏం రాస్తాడు? మ్యాథ్స్ రెండు, ఎకనామిక్స్, కామర్స్. వాడికీ ఎక్కడా ఢీకొనలేదు. సీఈసీ వాళ్ళకు హిస్టరీ లేదు కాబట్టి మధ్యలో ఒక దఫా కలిసొస్తుంది. హెచ్ఈసీ వాళ్ళకు కామర్స్ లేదు కాబట్టి అందరికంటే ముందు ఊపిరి పీల్చుకుంటారు. సెకండ్ లాంగ్వేజ్, ఇంగ్లిష్ అందరికీ ఉమ్మడి, అవి రెండు రోజులు. అంటే ఆరు పూటల్లో అన్ని గ్రూపుల ప్రధాన పేపర్లూ అయిపోతాయి. బ్రిడ్జి కోర్సు, మోడరన్ లాంగ్వేజ్, జాగ్రఫీ లాంటివి చివర్లో వస్తాయి.

ఎవరు మొదట కూర్చారో నాకు తెలియదుగానీ, చక్కటి పని. సీబీఎస్ఈ వాళ్ళకు పన్నెండో తరగతి పరీక్షలు ఫిబ్రవరి మధ్యలో మొదలైతే ఏప్రిల్ దాకా సాగుతాయి. వాళ్ళకు సబ్జెక్టులు ఎక్కువ, ఎవడు ఏది తీసుకున్నాడో తెలియదు. మనకు గ్రూపులు కట్టి ఉన్నాయి కాబట్టి మూడు వారాల్లో ముగించేస్తున్నాం. లక్షల మంది పిల్లలకు, అదీ రెండేళ్ళ విద్యార్థులకు కలిపి, మూడు వారాలు. ఒక్కో తెలుగు రాష్ట్రంలో సుమారు 1,500 కేంద్రాలు. మామూలు విషయం కాదు.

ఇక రోజు మార్చి రోజు. ఒక రోజు ఫస్టియర్, మర్నాడు సెకండియర్. ఇది పిల్లల కోసం పెట్టారని మనం అనుకుంటాం, మధ్యలో ఒక రోజు చదువుకోవడానికి. పిల్లలకు మేలే, కాదనను. కానీ అసలు కారణం గదులు. ఇద్దరినీ ఒకే రోజు కూర్చోబెట్టాలంటే రెట్టింపు గదులు కావాలి, రెట్టింపు బెంచీలు, రెట్టింపు ఇన్విజిలేటర్లు. ఎక్కడి నుంచి తెస్తాం? అందుకని అవే గదుల్లో ఈ రోజు వీళ్ళు, రేపు వాళ్ళు.

ఈ ఏర్పాటులో ఒక్కడు మాత్రం నలిగిపోతాడు. ఎవరు? చెప్పండి. ఇక్కడ వాళ్ళ తల్లిదండ్రులు ఉండే ఉంటారు, చెయ్యి ఎత్తాల్సిన పని లేదు. సెకండియర్‌కు వచ్చాడు, ఫస్టియర్లో మూడు పేపర్లు మిగిలాయి. వాడికి రోజు మార్చి రోజు ఎక్కడుంది? ఈ రోజు ఫస్టియర్ మ్యాథ్స్, రేపు సెకండియర్ మ్యాథ్స్, ఎల్లుండి ఫస్టియర్ మ్యాథ్స్ బీ. బాగా చదివే పిల్లాడికి పేపరుకూ పేపరుకూ మధ్య ఒక రోజు ఖాళీ. వెనకబడ్డ పిల్లాడికి వరసగా రోజూ పరీక్ష. ఇంప్రూవ్‌మెంట్ రాసేవాళ్ళకూ అదే గతి, కాకపోతే వాళ్ళు ఇష్టపడి తెచ్చుకున్నారు. బ్యాక్‌లాగ్ ఉన్నవాడు ఇష్టపడి తెచ్చుకోలేదు కదా. దీనికి నా దగ్గర మంత్రం లేదు. గదులు పెరగకుండా ఇది మారదు. కానీ మీ ఇంట్లో అలాంటి పిల్లాడుంటే, గోడకు అంటించే కాగితం మీద వాడి పేపర్లకు మాత్రమే సున్నా చుట్టండి. క్లాసులో అందరి టైంటేబుల్ వేరు, వాడిది వేరు. వాడికి ఈ సంగతి మనం చెప్పం, వాడూ చూసుకోడు. రెండు రోజుల ముందు చూసుకుని బెంబేలెత్తిపోతాడు.

పరీక్ష రోజు పొద్దున ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే తేదీ ఒక్కటే కాదు, గంట కూడా టైంటేబులే. ప్రశ్నపత్రాల కట్టలు పోలీస్ స్టేషన్లో ఉంటాయి. ఏ రోజు ఏ సెట్టో ఆ ఉదయం దాకా మాకూ తెలియదు. బోర్డు నుంచి ఒక్క అక్షరం వస్తుంది, ఏ, బీ, సీలలో ఒకటి. ఆ కట్ట తెచ్చుకుని, సీలు చూపించి, ఇన్విజిలేటర్ల చేత కవరు మీద టైముతో సహా సంతకాలు పెట్టించుకుని విప్పాలి. విప్పాక లెక్క. ఈ గదిలో ఇంగ్లిష్ మీడియం ఎందరు, తెలుగు మీడియం ఎందరు, ఉర్దూ మీడియం ఎందరు. ఒక్కటి అటూఇటూ అయితే ఆ గదిలో పిల్లాడు చెయ్యెత్తుకుని నిలబడతాడు. ఇదంతా తొమ్మిదికి ముందే అయిపోవాలి. ఎనిమిదీ ముప్పావుకల్లా పిల్లలు సీట్లలో ఉండాలి, ఓఎమ్మార్ షీటు నింపాలి. ఆ పావుగంటలో చేతులు వణుకుతాయి. పిల్లలవి కాదు, మావి.

ఇప్పుడు అదే తొమ్మిది గంటల్ని కారేపల్లి అవతల తండా నుంచి చూడండి. తండా నుంచి రోడ్డు దాకా నడవాలి. రోడ్డు మీద ఆటో నిండితే గానీ కదలదు. పదో తరగతికి తొమ్మిదిన్నర, ఇంటర్‌కు తొమ్మిది. ఆ అరగంట తండా పిల్లకు చాలా ఎక్కువ. నిమిషం నిబంధన అని ఒకటి ఉండేది, మీకు గుర్తుందా? ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూతే. గేటు దగ్గర ఏడ్చే పిల్లల్ని ఏటా టీవీల్లో చూశాం. 2024లో తెలంగాణలో ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చారు. ఇచ్చారు కదా అని ఏం మునిగిపోయింది? ఏమీ మునగలేదు. ఐదు నిమిషాలకు వ్యవస్థ కూలిపోదని తెలుసుకోవడానికి మనకు ఇన్నేళ్ళు పట్టింది.

పొద్దున పూటే పెట్టడం మాత్రం మంచి పని. ఎండ ఒక కారణం. ఈసారి ఇంకో కారణం కూడా ఉంది, రంజాన్ నెల పరీక్షల్లోనే నడుస్తుంది. ఉపవాసం ఉండే పిల్లలకు మధ్యాహ్నం పరీక్ష కంటే ఉదయం పరీక్ష నయం. పండగల్ని దాటించడం కూడా చిన్న తలనొప్పి కాదు. శివరాత్రి, హోళీ, ఉగాది, రంజాన్, ఒక్కోసారి శ్రీరామనవమి, అన్నీ ఈ నెలన్నరలోనే వస్తాయి. ఈసారి హోళీ వల్ల మార్చి 3న ఉన్న సెకండియర్ పేపరు 4కు మారింది, పాత టైంటేబుల్ అంటించుకున్నవాళ్ళు ఇంటికెళ్ళి దిద్దుకోండి. మన దగ్గర మేడారం కూడా చూసుకోవాలి. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24, ఆ వెంటనే 28న ఇంటర్. బస్సులన్నీ మేడారం రోడ్డు మీద ఉంటే పిల్లలు పరీక్షలకు ఎట్లా వెళ్తారు? ఎలక్షన్లు వస్తే ఇంకో కథ. లెక్చరర్ ఎలక్షన్ డ్యూటీలో ఉంటాడు, గదుల్లో బ్యాలెట్ పెట్టెలుంటాయి.

ఇవన్నీ మన ఇంటి సమస్యలు. కూర్చుని మాట్లాడుకుంటే తీరతాయి. తీరనిది ఇంకోటి ఉంది.

2022 గుర్తు చేసుకోండి. అప్పుడు ఇంటర్ రాసిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే తలాడిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 8 నుంచి 28 దాకా ఇంటర్ పరీక్షలని టైంటేబుల్ ఇచ్చారు. మార్చి ఒకటిన, జేఈఈ, నీట్ లాంటి జాతీయ ప్రవేశ పరీక్షలు పెట్టే ఎన్‌టీఏ వాళ్ళు జేఈఈ మెయిన్ మొదటి విడత ఏప్రిల్ 16 నుంచి 21 అన్నారు. ఇంటర్ మధ్యలోకి వచ్చి పడింది. సరే, బోర్డు వెనక్కి తగ్గి ఏప్రిల్ 22 నుంచి మే 12 అంది. మన తెలంగాణ బోర్డు కూడా తేదీలు మార్చుకుంది. పిల్లలు కొత్త కాగితం అంటించుకున్నారు. మార్చి మధ్యలో ఎన్‌టీఏ వాళ్ళే మళ్ళీ మార్చారు. ఏప్రిల్ 21, 24, 25, 29, మే 1, 4 అన్నారు. చూసుకోండి, కొత్త ఇంటర్ తేదీల మీదే పడ్డాయి. ఇక చేసేదేముంది, రెండు రాష్ట్రాలూ మే 6కు వెళ్ళిపోయాయి. మే 6 అంటే ఖమ్మంలో ఎండ ఎట్లా ఉంటుందో నేను చెప్పాలా? ఇంత జరిగాక ఏప్రిల్ మొదటి వారంలో ఎన్‌టీఏ ఏమంది? జేఈఈ జూన్‌కు వాయిదా. జూన్! అంటే బోర్డులు మొదటి తేదీల మీద కదలకుండా కూర్చుని ఉంటే ఏ గొడవా లేదు. ఎవరి కోసం పరిగెత్తారో వాళ్ళే తేదీ తీసుకుని జూన్‌లోకి వెళ్ళిపోయారు. మన పిల్లలు మాత్రం మే ఎండలో ఇంటర్ రాశారు.

ఇంకో మాట. ఆ జేఈఈ ఎందరు రాస్తారు? ఎంపీసీ వాళ్ళలో కొందరు. సీఈసీ వాడు, హెచ్ఈసీ అమ్మాయి, ఒకేషనల్ పిల్లలు, వీళ్ళకు జేఈఈతో పనేముంది? వాళ్ళ పరీక్ష కూడా జరిగింది కదా.

కరోనా ఏళ్ళ గురించి ఎక్కువ చెప్పను, అందరూ చూసిందే. 2020లో మనవాళ్ళు అదృష్టవంతులు, మార్చి 4న మొదలుపెట్టి లాక్‌డౌన్‌కు ముందే ప్రధాన పేపర్లు అవగొట్టారు. వాళ్ళ వెనకే మొదలైన పదో తరగతి పిల్లలు మధ్యలో చిక్కుకున్నారు. 2021లో తెలంగాణ జూన్ మొదట్లోనే రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్ పెట్టి తీరతామంది, గదికి పదిహేను మంది చొప్పున కూర్చోబెడతామంది. సుప్రీంకోర్టు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది, చివరికి ఆంధ్రప్రదేశ్ కూడా జూన్ 24న రద్దు చేసుకుంది. ఆ ఏడాది ఫస్టియర్ నుంచి పైకి పంపిన పిల్లలకు అక్టోబరులో తెలంగాణలో పరీక్ష పెడితే సగం మంది కూడా పాస్ కాలేదు, చివరికి అందరికీ 35 మార్కులు వేసి పాస్ చేశారు. ఎందుకు పాస్ కాలేదు? సెకండియర్ పుస్తకం చేతిలో పెట్టి ఫస్టియర్ పరీక్ష రాయమన్నాం. తేదీ ఎక్కడో వేస్తే చదువు అక్కడికి వచ్చి నిలబడదు.

ఇప్పుడు అసలు విషయం. కొంచెం తేదీలు చెప్తాను, ఓపిక పట్టండి. తెలంగాణలో ఇంటర్ మొదలైన రోజులు. 2018లో ఫిబ్రవరి 28. 2019లో ఫిబ్రవరి 27. 2020లో మార్చి 4. కరోనా తర్వాత 2023లో మార్చి 15. 2024లో ఫిబ్రవరి 28. పోయిన ఏడాది మార్చి 5. ఈసారి ఫిబ్రవరి 25. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మార్చి 15, ఈసారి ఫిబ్రవరి 23. మూడేళ్ళ కిందటితో పోలిస్తే మన పిల్లలకు పద్దెనిమిది రోజులు తక్కువ. ఎందుకయ్యా అంటే ఏప్రిల్ మొదట్లో జేఈఈ రెండో విడత, మే మొదట్లో నీట్, ఆ వెనక ఎప్‌సెట్. వాటికి చదువుకోవడానికి పిల్లలకు టైము ఉండాలి. వినడానికి న్యాయంగానే ఉంది. ఉంది కదా?

కానీ ఈ పద్దెనిమిది రోజులు ఎవరి దగ్గర తీసుకున్నాం?

పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో సిలబస్ ఎప్పుడవుతుంది? నవంబరుకు, మహా అయితే డిసెంబరుకు. కొన్ని చోట్ల సెకండియర్ పాఠాలు ఏప్రిల్ ఎండల్లోనే మొదలైపోతాయి, సెలవులని బోర్డు చెప్పినా సరే. వాళ్ళకు ఫిబ్రవరి 25 అయినా ఒకటే, మార్చి 15 అయినా ఒకటే. ఇంకా తొందరగా పెట్టినా సంతోషమే.

ప్రభుత్వ జూనియర్ కాలేజీకి రండి. జూన్ 2న తెరిచాం. ఎవరు వచ్చారు? సెకండియర్ వాళ్ళు కొందరు. ఫస్టియర్ అడ్మిషన్ల గడువు ఏటా పొడిగిస్తూ పోతాం, ఆగస్టు దాటినా పిల్లలు చేరుతూనే ఉంటారు. పొడిగించొద్దని నేననను, పదో తరగతి సప్లిమెంటరీ పాసై వచ్చేవాడు ఎక్కడికి పోతాడు? గెస్ట్ లెక్చరర్ ఉత్తర్వులు వచ్చేదాకా ఫిజిక్స్ పీరియడ్ ఖాళీ. లెక్చరర్ వచ్చి మొదటి చాప్టర్ తీసేసరికి వానాకాలం సగం. దసరా సెలవులు. నవంబరులో హాఫ్ ఇయర్లీ. సంక్రాంతి సెలవులు ఇప్పుడే చూశాం. రేపటి నుంచి ప్రీఫైనల్స్. ఫిబ్రవరి 2 నుంచి ప్రాక్టికల్స్, మూడు వారాలు. ప్రాక్టికల్స్ మొదలయ్యాక పాఠం ఎక్కడ జరుగుతుంది? ల్యాబ్‌లో ఒక బ్యాచ్, వరండాలో ఇంకో బ్యాచ్, లెక్చరర్ వేరే కాలేజీలో ఎగ్జామినర్. 220కి పైగా పనిదినాలని క్యాలెండర్లో ఉంటుంది. ఆగస్టులో చేరిన పిల్లకు అవి ఎన్ని అయ్యాయి? ఎవరైనా లెక్కపెట్టారా?

అందుకే అంటాను, పరీక్ష ఒక వారం ముందుకు జరిపితే ఆ వారం అందరి దగ్గరా సమానంగా పోదు. ముందే పాఠం అయిపోయినవాడి దగ్గర ఏమీ పోదు. చివరి రెండు చాప్టర్లు ఫిబ్రవరిలో అవుతాయని నమ్ముకున్న పిల్ల దగ్గరే మొత్తం పోతుంది. ఆ పిల్ల జేఈఈ రాయదు. జేఈఈ రాసేవాళ్ళ వీలు కోసం తన వారం ఇచ్చేసింది, తనకు తెలియకుండానే.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతం అవుతుంది. పరీక్ష ఆలస్యమైతే దిద్దుబాటు మీద పడుతుంది. స్పాట్ వాల్యుయేషన్‌కు టైము కావాలి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 20న పరీక్షలైతే ఏప్రిల్ 12న ఫలితాలు. తెలంగాణలో మార్చి 25న అయితే ఏప్రిల్ 22న. మూడు నాలుగు వారాలు. లక్షల కట్టలు దిద్ది, కోడింగ్ విప్పి, మార్కులు ఎక్కించడానికి అంతే. 2019లో మన రాష్ట్రంలో ఫలితాలప్పుడు జరిగిన ఘోరం ఎవరం మర్చిపోలేదు. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా పిల్లల జవాబుపత్రాలు ఉచితంగా మళ్ళీ సరిచూడాల్సి వచ్చింది, వెయ్యి మందికి పైగా పాసయ్యారని తేలింది. అందుకని దిద్దుబాటు రోజులు కోసేసి పరీక్ష వెనక్కి జరపమని కూడా నేననను. ఫలితం నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునగదు. మొదటి ర్యాంకుల ప్రకటనలు పేపర్లో వేసుకునేవాళ్ళకు తప్ప ఎవరికీ తొందర లేదు.

మరి ఏం చెయ్యమంటావు అంటారా? మనం అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. జూన్‌లో ఇచ్చే అకడమిక్ క్యాలెండర్లో పరీక్ష మొదటి తేదీ రాయండి. వారం కాదు, తేదీ. ఈ ఏడాది క్యాలెండర్లో మార్చి మొదటి వారం అని ఉంది, వచ్చింది ఫిబ్రవరి 25. లెక్చరర్ ఏ తేదీని నమ్ముకుని పాఠం పంచుకోవాలి? రాసిన తేదీ నుంచి కదలకండి. ఎన్‌టీఏకు మన తేదీ ముందే చెప్పండి, మన తేదీ చూసుకుని వాళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళది కంప్యూటర్ పరీక్ష, షిఫ్టులు షిఫ్టులుగా రోజుల తరబడి జరుగుతుంది, ఒక పిల్లాడికి ఏ రోజైనా ఇవ్వగలరు. మనది రాష్ట్రమంతా ఒకే గంటకు ఒకే పేపరు. ఎవరు కదలడం తేలిక?

పదో తరగతి గురించి ఎవరో చీటీ పంపారు. ఈసారి మన రాష్ట్రంలో టెన్త్ మార్చి 14 నుంచి ఏప్రిల్ 16 దాకా, పేపరుకూ పేపరుకూ మూడు నాలుగు రోజులు ఖాళీ ఇచ్చారు, అది మంచిదేనా అని. నా అభిప్రాయం అడిగితే, ఖాళీ మంచిదే, ఇంత ఖాళీ అక్కర్లేదు. చదివే పిల్లాడికి రెండు రోజులు సరిపోతాయి, చదవని పిల్లాడు మూడు రోజులూ క్రికెట్ ఆడతాడు. ఎండలు మాత్రం ఏప్రిల్ పదహారు దాకా ఆగవు. ఇంటర్‌కు ఆ పద్ధతి తెస్తారేమో అని భయం ఉంది నాకు. మన గ్రూపుల పద్ధతికి ఒక రోజు ఎడం సరిపోతుంది.

ఇంకో చీటీ. "మా బాబుకు ఫస్టియర్ మ్యాథ్స్ రెండూ, ఫిజిక్స్ మిగిలాయి, అన్నీ ఇప్పుడే రాయించాలా?" ఫీజు కట్టారు కాబట్టి రాయనివ్వండి అమ్మా, హాజరు కాకపోవడం కంటే రాయడమే మేలు. కానీ బలం మాత్రం సెకండియర్ పేపర్ల మీద పెట్టమనండి, ఫస్టియర్లో ఏదైనా మిగిలితే సప్లిమెంటరీ ఉంటుంది. వాడు ఇంట్లో కూర్చుని ఆరు ప్లస్ మూడు తొమ్మిది పేపర్లు అని లెక్కపెట్టుకుని దిగులు పడుతూ ఉంటాడు. వాడితో కూర్చుని ఏ రోజు ఏది, ఏ రెండు పేపర్లు వరసగా వచ్చాయి, వాటిలో ఏది ముందే చదివి పక్కన పెట్టొచ్చు అని రాయించండి. ఫిజిక్స్ ఫస్టియర్ అయిన మర్నాడే ఫిజిక్స్ సెకండియర్ వస్తుంది, ఆ రెండూ మాత్రం ఫిబ్రవరి మొదటి పది రోజుల్లోనే ఒకసారి తిరగేసి ఉండాలి. హాల్ టికెట్ రాగానే రెండేళ్ళ పేపర్లూ పడ్డాయా లేదా ఆఫీసులో చూపించుకోండి. పరీక్ష రోజు పొద్దున వచ్చి చీఫ్ సూపరింటెండెంట్‌ను అడిగితే ఆయన ఏమీ చెయ్యలేడు, నేను చెయ్యలేకపోయినట్టే.